ఆటో స్టార్టర్‌కు బదులు ఏది?

కరెంటు రాగానే ఆటో స్టార్టర్ మోటారును తిప్పేస్తుంది. చేనుకు నీళ్లు కావాలా వద్దా అన్నది దానికి పట్టదు. అయినా రైతును తప్పుపట్టలేం. వేళాపాళా లేని కరెంటు కోసం రాత్రిళ్లు చేలకెళ్లి పాముకాట్లకు, షాకులకు బలైన రోజుల్లో పెట్టుకున్నవవి. తెలంగాణలో 2018 జనవరి 1న 24 గంటల ఉచిత విద్యుత్ మొదలైనప్పుడు వాటిని తీసేయమన్నారు. సరే, తీసేస్తే బదులు ఏమిటి?

వేరు దగ్గర తేమ కొలిచి, ఆ లెక్క ఇంటికి పంపే వైర్‌లెస్ సెన్సార్ అని మనం అంటున్నాం. అందులో బ్రహ్మవిద్యేమీ లేదు. కెపాసిటివ్ సెన్సార్, చిన్న బోర్డు, లోరా రేడియో, బ్యాటరీ, అరచేయంత సోలార్ పలక. వైఫై పొలం దాకా రాదు. లోరాకు 865–867 మెగాహెర్ట్జ్‌లో లైసెన్సు అక్కర్లేదు, అడ్డు లేకుంటే కిలోమీటరు పైనే అందుతుంది. ఊళ్లో ఐటీఐ చదివిన పిల్లలు బిగించగలరు. రెండు మేకుల్లాంటి చవక రకం మాత్రం వద్దు, తడి మట్టిలో త్వరగా తుప్పు పడుతుంది.

అసలు చిక్కు మట్టితో. ఒకే అంకె ఎర్ర చెలకలో తడి అని, నల్లరేగడిలో ఎండు అని అర్థమిస్తుంది. రేగడి బంకమట్టి నీళ్లు పట్టుకుంటుంది గానీ అన్నీ మొక్కకు వదలదు. పైగా అది నెర్రెలు విచ్చితే సెన్సార్ చుట్టూ గాలి చేరి, తడి ఉన్నా ఎండినట్టే చూపిస్తుంది. అందుకే మన మట్టిని తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు ఆరబెట్టి, మళ్లీ తూచి, ఆ తేడాతో సెన్సార్ అంకెను సరిచూసుకోవాలి. ఎక్కడో సీలు వేసిన కంపెనీ పెట్టె ఈ పని చేయనివ్వదు. ఏటా యాప్ చందా మాత్రం అడుగుతుంది. సబ్సిడీ అలాంటి పెట్టెలకే పోతే మళ్లీ మోసపోయేది మనమే.

కోయంబత్తూరులోని కేంద్ర చెరకు పరిశోధన సంస్థ రంగు లైట్లతో తేమ చూపే చేతి పరికరాన్ని ఎప్పుడో తయారుచేసింది. అంటే ప్రభుత్వ సంస్థలకు చేతకాని పని కాదు. డ్రిప్ సబ్సిడీలో ఈ విడిభాగాలనూ చేర్చాలని, డిజైన్ రైతులందరికీ అందుబాటులో పెట్టాలని డిమాండ్ చేస్తున్నాం.

ఆదా అయిన నీటితో ఇంకో మడి వరి నాటితే బోరుకు ఒరిగేదేమీ లేదు. ఆ సంగతి గ్రామ కమిటీల్లో మనమే తేల్చుకోవాలి. ఈలోగా రబీ దుక్కులకు ముందే మండల కమిటీలు దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రానికి వినతిపత్రం ఇవ్వాలి: మట్టి ఓవెన్, తక్కెడ వారానికి ఒక రోజు రైతులకు వదలాలని.