షాక్... ఏ షాక్?

పావగడలో పొద్దున్నే టీ అంగడి ముందు పేపరు విప్పితే షాకులే షాకులు. బంగారం ధర షాక్, కరెంటు బిల్లు షాక్, ఎన్నికల్లో ఓడిపోయిన పెద్దమనిషికి ఓటర్ల షాక్! ఇన్ని షాకులు తిన్న మనిషి తాపీగా టీ ముగించి, పేపరు మడిచిపెట్టి, బోరు కాడికి పోతాడు. అసలైన షాక్ కాచుకుని ఉండేది అక్కడ. అది పేపర్లో వచ్చేది మాత్రం లోపలి పేజీలో, నాలుగు లైన్లలో.

ఆ నాలుగు లైన్లూ రెండు భాషల్లో చదివే అదృష్టం ఈ సరిహద్దు జనానిది. తెలుగులో 'విద్యుదాఘాతంతో రైతు మృతి'. కన్నడంలో చాలాసార్లు 'విద్యుత్ స్పర్శిసి రైత సావు'. ఆఘాతమంటే దెబ్బ, స్పర్శ అంటే తాకడం. తెలుగు పేపరు ప్రకారం కరెంటు కొట్టింది. కన్నడ పేపరు ప్రకారం మనిషే తాకినట్టుంది. నోటి మాటకొస్తే ఇద్దరిదీ ఒకటే దారి. తెలుగాయన 'షాక్ కొట్టింది' అంటే కన్నడాయన 'శాక్ హొడీతు' అంటాడు. తప్పు తీగదేనని ఇద్దరికీ తెలుసు.

ఇంగ్లీషులో ఈ మాట మొదట యుద్ధరంగానిది. రెండు సైన్యాలు ఢీకొనడాన్ని షాక్ అనేవారు. 1740ల్లో లైడెన్ జాడీని ముట్టుకున్నవాళ్లకు ఒళ్లు ఝల్లుమన్నాక కరెంటుకూ అంటుకుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి గుండ్ల మధ్య మతి చెదిరిన సిపాయిలది 'షెల్ షాక్' అన్నారు. బస్సు కింద ఉండేవి షాకబ్జర్లు. మన రోడ్ల మీద వాటి ఆయుష్షు ఎంతో డ్రైవర్లనే అడగాలి. కోసిన పనలు చేలో నిలబెట్టిన కుప్పను కూడా ఇంగ్లీషు రైతు షాక్ అనే అంటాడు!

నవ్వులాట ఆసుపత్రి గుమ్మం దాకానే. డాక్టరు 'పేషెంటు షాక్‌లో ఉన్నాడు' అంటే బంధువులకు వేరేగా వినపడుతుంది. భయపడ్డాడేమో, ధైర్యం చెబితే తేరుకుంటాడులే అనుకుంటారు. వైద్యంలో షాక్ అంటే రక్తపోటు పడిపోయి అవయవాలకు రక్తం చాలకపోవడం. కాన్పులో రక్తం ఎక్కువ పోయినా, డెంగీ ముదిరినా, కందిరీగ కుట్టి ఒంటికి పడకపోయినా రావచ్చు. కాళ్లూ చేతులూ చల్లబడి చెమట పడుతుంది, నాడి వేగంగా, బలహీనంగా కొట్టుకుంటుంది. అప్పుడు కాఫీ తాపించి కూర్చోబెట్టడం ప్రమాదం. వెల్లకిలా పడుకోబెట్టి తక్షణం ఆసుపత్రికి తేవాలి. డాక్టర్లు కూడా ఆ ఒక్క ఇంగ్లీషు మాట అనేసి వెళ్లిపోకుండా 'బీపీ పడిపోయింది, ప్రాణాపాయం' అంటే ఏం పోతుంది?

'షాక్ ట్రీట్‌మెంట్' సంగతి ఇంకో రకం. బెంగళూరు నిమ్హాన్స్‌కు తీసుకుపొమ్మంటే కొన్ని ఇళ్లలో ముందు వచ్చే ప్రశ్న, 'కరెంటు పెడతారా?' అని. సినిమాలు నేర్పిన భయం అది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తు, కండరాలు సడలించే మందు లేకుండా ఆ చికిత్స చేయడం నిషిద్ధం. తీవ్రమైన కుంగుబాటులో ప్రాణం నిలబెట్టే వైద్యాన్ని ఒక మాట చూసి వద్దనుకుంటున్నారు.

మళ్లీ బోరు దగ్గరికే వద్దాం. తిరుమణి చుట్టూ 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వెలిసిన తాలూకా ఇది. ఇక్కడైనా, సరిహద్దు అవతల మడకశిరలోనైనా రైతు చేతిలో ఉండేది టేపు చుట్టిన వైరు, తలుపు ఊడిన స్టార్టరు పెట్టె. లైన్‌మన్ వచ్చేదాకా పైరు ఆగదని తనే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వేస్తాడు. ఎవరైనా పట్టుకుపోతే కంగారులో చేత్తో లాగబోయి రెండో మనిషీ పోతాడు. ముందు సప్లై ఆపాలి. తీగ హైటెన్షన్‌దైతే కట్టె పట్టుకుని కూడా దగ్గరికి పోకూడదు.

పేపర్లు బంగారం ధరకు షాక్ కొట్టించుకున్నా ఫర్వాలేదు. రైతు పోయిన ఆ నాలుగు లైన్లకు మాత్రం ఇంకో రెండు కలపాలి: మోటారుకు ఎర్తింగ్ ఉందా, తెగిన తీగ గురించి అంతకుముందే ఫిర్యాదు వెళ్లిందా?