ఖాళీ దీవి అని ఎవరన్నారు?



ఇంట్లో టీవీ ఉండాలా వద్దా అనే బహస్ మన ఖాందాన్‌లలో ఇంకా నడుస్తూనే ఉంది. కానీ జంతువుల ప్రోగ్రామ్ వచ్చిందంటే దాదీమా నుంచి చిన్న పోతా దాకా అందరూ ఒక్కచోట కూర్చుంటారు. అందులో బేహయాయీ ఉండదు, గాలీగలోజ్ ఉండదు. అల్లాహ్ కుద్రత్ కళ్లముందు నడుస్తుంటుంది. నాకూ అవంటే శౌఖ్. అందుకే వాటిలో నేను బాగా ఇష్టపడే ఒక సీరీస్ మీదే నాదొక శికాయత్.

బీబీసీ వాళ్లు 2016 నవంబర్‌లో మొదలుపెట్టిన 'ప్లానెట్ ఎర్త్ 2'లో మొదటి భాగం దీవుల గురించి. డేవిడ్ అటెన్‌బరో ఆవాజ్‌లో సాగుతుంది. గలపగోస్‌లోని ఫెర్నాండినా దీవిలో ఇసుకలోంచి అప్పుడే బయటపడిన ఇగ్వానా పిల్ల వెంట డజన్ల కొద్దీ పాములు పడే సీన్ చాలామంది ఫోన్లలోనైనా చూసే ఉంటారు. దక్షిణ సముద్రంలో జవదోవ్‌స్కీ అనే అగ్నిపర్వతం దీవి మీద పది లక్షలకు పైగా పెంగ్విన్లు ఉంటాయి. పిల్లల రిజ్ఖ్ కోసం అవి సమందర్‌లోకి దూకుతాయి. తిరిగొచ్చేటప్పుడు అలలు వాటిని రాళ్లకేసి కొడతాయి. రక్తం కారుతున్నా నడిచి పిల్లల దగ్గరకు చేరుకుంటాయి. అది చూసి సుబ్‌హానల్లాహ్ అనకుండా ఉండలేం. అంత దూరం వెళ్లి తీసినవాళ్ల మెహనత్‌కి నా తారీఫ్ పూర్తిగా ఉంది.

అసలు మాట ఏమిటంటే, ఆ గంటసేపట్లో దీవుల మీద కాపురముండే ఇన్సాన్ కనపడడు. ఫెర్నాండినాలో, జవదోవ్‌స్కీలో నిజంగానే ఎవరూ ఉండరు. కానీ అదే భాగంలో చూపించిన మరో రెండు దీవుల్లో జనం ఉన్నారు. ఆ జనంలో మన కల్మా చదివేవాళ్లూ ఉన్నారు.

మొదటిది ఇండొనేషియాలోని కొమోడో. అక్కడి కొమోడో డ్రాగన్ మన ఉడుము జాతిదే, మూడు మీటర్ల దాకా పెరుగుతుంది. సినిమాలో రెండు మగవి ఒక ఆడదాని కోసం కలబడతాయి. అదే దీవి ఒడ్డున దాదాపు 2,000 మంది ఉండే ఊరుంది. గుంజల మీద నిలబెట్టిన చెక్క ఇళ్లు, మస్జిద్, పడవలు. ఎక్కువ మంది ముసల్మాన్లే. చేపలు పట్టి, వచ్చిన మెహమాన్లకు దారి చూపించి, చెక్కబొమ్మలు అమ్మి బతుకుతారు. ఒక తల్లికి కవలలు పుట్టారనీ, ఒకరు మనిషి, ఒకరు ఉడుము అనీ వాళ్లకొక పాత కిస్సా ఉంది. అందుకే ఉడుముల్ని తోబుట్టువులంటారు. ఈ కిస్సా మన అఖీదాలోది కాదు, అది వేరే బాత్. దాని అసర్ మాత్రం చూడండి: తోబుట్టువు అనుకున్నదాన్ని ఎవరూ చంపుకోరు.

2019లో అక్కడి ప్రావిన్స్ గవర్నర్ దీవిని ఏడాదిపాటు మూసేస్తామని, ఊరివాళ్లను వేరే చోటికి పంపేస్తామని చెప్పాడు. డ్రాగన్ల హిఫాజత్ కోసమట! ఊరివాళ్లు గట్టిగా ముఖాలఫత్ చేశారు. చివరికి దేశ ప్రభుత్వం ఆ ప్లాన్ ఆపేసింది. టీవీలో ఆ దీవిని ఖాళీగా చూసినవాడికి ఇందులో జుల్మ్ ఏముందో అర్థం కాదు. "అక్కడ ఎవరున్నారని పంపడానికి?" అని అడుగుతాడు.

రెండోది హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ దీవి. జావాకు దక్షిణంగా ఉంది, ఆస్ట్రేలియా చేతిలో ఉంది. వానలు మొదలవగానే కోట్ల ఎర్ర పీతలు అడవి నుంచి సముద్రానికి నడిచి వెళ్లే దీవి అది. బయటి నుంచి వచ్చిన పసుపు రంగు చీమలు వాటి కళ్లలో యాసిడ్ చిమ్మి చంపుతాయి. ఆ చీమల్ని దీవికి తెచ్చింది మనిషే, నిజం. కానీ కథలో మనిషికి ఆ ముజ్రిమ్ వేషం ఒక్కటేనా? దీవిలో దాదాపు 1,700 మంది ఉంటారు. ఒకప్పుడు ఫాస్ఫేట్ గనుల్లో పనికి తెచ్చిన చైనా, మలయ్ మజ్దూర్ల ఔలాద్ అందులో చాలామంది. సముద్రం ఒడ్డునే మలయ్ ముసల్మాన్ల బస్తీ, మస్జిద్ ఉన్నాయి. పీతలు కదిలే రోజుల్లో రోడ్లు మూసేస్తారు. అవి దాటడానికి రోడ్డు కింద దారులు, పైన చిన్న వంతెన కట్టారు. 2016 డిసెంబర్‌లోనే, ఆ చీమలకు తీపి రసం ఇచ్చే పురుగుల్ని అదుపు చేయడానికి మలేషియా నుంచి తెచ్చిన చిన్న కందిరీగల్ని వదిలారు. పాడు చేసిందీ ఇన్సానే, మరమ్మత్ చేస్తున్నదీ ఇన్సానే. పిల్లలకు ఈ రెండోది కూడా తెలియొద్దా?

"ఇది జంతువుల ప్రోగ్రామ్, మనుషుల్ని ఎందుకు చూపించాలి?" అనొచ్చు. సరే, ఊరంతా చూపించక్కర్లేదు. "ఇక్కడ మనుషులూ తరాలుగా ఉన్నారు" అనే ఒక్క జుమ్లా చాలు. ఆ ఒక్క మాట లేకపోతే ఏమవుతుందో చాగోస్ దీవుల హాల్ చెబుతుంది.

చాగోస్ మాల్దీవులకు దక్షిణంగా ఉంటుంది. అక్కడి జనం ముసల్మాన్లు కారు, ఎక్కువగా క్రైస్తవులు. మజ్లూమ్ మజహబ్ అడిగి హమ్‌దర్దీ చూపించడం మన దీన్ కాదు. డియెగో గార్సియాలో అమెరికా ఫౌజీ స్థావరం కోసం 1968 నుంచి 1973 మధ్య బ్రిటన్ ఆ దీవుల వాళ్లందరినీ వెళ్లగొట్టి మారిషస్‌లో, సీషెల్స్‌లో దించేసింది. వాళ్లు పెంచుకున్న కుక్కల్ని గ్యాస్ పెట్టి చంపారు. 2010లో అదే బ్రిటన్ చాగోస్ చుట్టూ సముద్రాన్ని రక్షిత ప్రాంతంగా ఏలాన్ చేసింది. పగడాలకు, చేపలకు హిఫాజత్ వచ్చింది. అలా చేస్తే పాత నివాసులు తిరిగి రావడం కష్టమవుతుందని ఒక బ్రిటిష్ అధికారి అమెరికన్లతో అన్నట్టు తర్వాత బయటపడ్డ రహస్య కాగితాల్లో ఉంది. 2015లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ ఆ ఏలాన్ మారిషస్ హక్కుల్ని తొక్కి చేసిందని తేల్చింది. ఇంత జరిగినా, కెమెరా పట్టుకెళ్తే అక్కడ కనిపించేది ఖూబ్‌సూరత్ ఖాళీ సముద్రమే. ఆ ఖాళీ కుద్రతీ కాదు, చేసిన ఖాళీ.

మనకు దీనికి వేరే మిసాల్ ఉంది. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం మదీనాను హరమ్ చేశారు. ఆ హద్దుల్లో చెట్టు కొట్టకూడదు, వేట ఆడకూడదు, వేట జంతువును బెదరగొట్టకూడదు. అయితే మదీనాను ఖాళీ చేయించలేదు. ఖర్జూర తోటలు, బజార్లు, పిల్లల అల్లరి, మస్జిదె నబవీ, అన్నీ ఆ హద్దుల లోపలే. జంతువుకు పనాహ్ ఇవ్వడానికి పొరుగువాణ్ణి బేఘర్ చేయక్కర్లేదని దీనికంటే సాఫ్‌గా ఎవరు చూపించారు? జంతువులు, పక్షులు మనలాంటి ఉమ్మతులేనని సూరె అన్‌ఆమ్ చెప్పిన మాటకు అర్థమూ ఇదే అనుకుంటాను. ఒక ఉమ్మత్‌కి హక్ ఇవ్వాలంటే ఇంకో ఉమ్మత్‌ని తుడిచేయాలని ఎక్కడా లేదు.

అందుకని టీవీ ఆపేయమని నేననను. చూడండి, బచ్చోంతో కలిసి చూడండి. సీరీస్ అయ్యాక ఒక పని చేయండి. మ్యాప్ తెరిచి ఆ దీవిని వెతకమనండి. "ఇక్కడ ఎవరుంటారు బేటా? ఏం తింటారు? ఏ భాష మాట్లాడతారు?" అని అడగండి. లక్షద్వీప్ మన దేశంలోనే ఉంది. 2011 జనాభా లెక్కల్లో అక్కడ 64,000 మందికి పైగా ఉన్నారు, నూటికి 96 మంది ముసల్మాన్లు. గాలం కర్రలతో ఒక్కొక్కటిగా ట్యూనా పట్టి తరాలుగా బతుకుతున్నారు. చాలా టూరిస్ట్ పోస్టర్లలో మాత్రం అక్కడ నీలం నీళ్లూ తెల్ల ఇసుకే ఉంటాయి. ఆ పోస్టర్ చూసినప్పుడు మన బచ్చా "మరి అక్కడి జనం ఏరి అబ్బూ?" అని అడిగితే, వాడు టీవీ సరిగ్గా చూడటం నేర్చుకున్నట్టే.