ఒక్క రీచార్జ్, నెలల వ్యాలిడిటీ

చెరువులో పడుకుని లేచిన బర్రెకి జలగ పట్టిందంటే మా ఎర్రవల్లిలో ఎవ్వరూ ఆశ్చర్యపోరు. దాన్నే సీసాలో పెట్టి పెంచుకునేవాళ్లు ఉన్నారంటే మాత్రం ‘రోజూ రక్తం యాడికెళ్లి తెస్తరు?’ అంటారు.

రోజూ అక్కర్లేదు. జలగ ఒక్కసారి తాగితే తన బరువుకి కొన్ని రెట్లు తాగుతుంది. ఆ తర్వాత నెలల తరబడి తిండి లేకుండా ఉండగలదు. ఒక్క రీచార్జ్, నెలల వ్యాలిడిటీ అన్నమాట.

అసలు చిక్కు నీళ్లతోనే. సుశ్రుత సంహిత ఎప్పుడో చెప్పింది: కొత్త కుండలో చెరువు నీళ్లు, బురద వేసి ఉంచాలి. 3 రోజులకోసారి నీళ్లు, 7 రోజులకోసారి కుండ మార్చాలి. ఇప్పుడు మన నల్లాలో వచ్చేవి మిషన్ భగీరథ నీళ్లు. 2016 ఆగస్టు 7న ఆ పథకం మొదలైంది మన గజ్వేల్ దగ్గరి కోమటిబండలోనే. ఆ నీళ్లలో క్లోరిన్ కలుపుతారు. మనకి మంచిదే, జలగకి పడదు. కాబట్టి చెరువు నీళ్లే పోయాలి. సీసా మూతికి గుడ్డ గట్టిగా కట్టాలి, లేకపోతే పాకి బయటికొచ్చేస్తుంది.

మరి రీల్ కోసం చెయ్యి ఇచ్చి తాగిస్తే? వద్దు బ్రో. జలగ పేగుల్లో ఏరోమోనాస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. తెగిన వేలు అతికించాక జలగల్ని వాడటానికి అమెరికా ఎఫ్‌డీఏ 2004లో ఒప్పుకుంది. అక్కడ కూడా డాక్టర్లు యాంటీబయాటిక్ ఇస్తారు, ఒకరికి వాడిన జలగని ఇంకొకరికి వాడరు. పైగా దాని లాలాజలంలోని హిరుడిన్ రక్తాన్ని గడ్డ కట్టనివ్వదు. జలగ వదిలేశాక కూడా గంటల కొద్దీ కారుతుంది.

చూడాలనుంటే నాలుగు రోజులు చూసి, పట్టిన చెరువులోనే వదిలేయండి. బర్రె వచ్చేదాకా అది ఆగగలదు.