మూలపేట పోర్టు వస్తోంది: ఉద్దానం రైతు సరుకు లెక్కలో ఉందా?

సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్ 19న పోర్టుకు శంకుస్థాపన జరిగింది. తొలి దశలో నాలుగు బెర్తులు, ఏడాదికి 2.35 కోట్ల టన్నుల సరుకు సామర్థ్యం లక్ష్యం. 16వ నంబరు జాతీయ రహదారి, హౌరా–చెన్నై రైలుమార్గం ఎలాగూ మన పక్కనుంచే పోతున్నాయి. అయినా అక్కుపల్లి రైతు జీడిపిక్కలను కాశీబుగ్గ చేర్చే ఖర్చు దానంతటదే తగ్గదు.

ప్రణాళిక ఎలా వేస్తారు?

రోడ్డు, లారీ, గోదాము, రైలు, పోర్టులను విడివిడిగా కాక ఒకే వ్యవస్థగా చూసి ప్రణాళిక వేయడాన్ని సిస్టమ్స్ ఇంజనీరింగ్ అంటారు. కాలువలో ఒకచోట పూడిక పడితే శివారు పొలానికి నీరందదు కదా, ఇదీ అంతే. 2021 అక్టోబరు 13న కేంద్రం ప్రారంభించిన పీఎం గతిశక్తి కూడా 16 మంత్రిత్వ శాఖల పనులను ఒకే పటంపైకి తేవడానికి ఉద్దేశించిందే. ఈ పద్ధతిలో మొదటి ప్రశ్న: ఏ సరుకు, ఎంత, ఎప్పుడు, ఎక్కడి నుంచి ఎక్కడికి? కాగితం మీద లేని సరుకుకు రోడ్డూ ఉండదు, గోదామూ ఉండదు.

రైతుకు నష్టం ఎక్కడ?

పలాస జీడి పరిశ్రమలు విదేశీ పిక్కలు కూడా వాడుతున్నాయి. పోర్టుతో వాటి రవాణా చౌకై, మన ఊరి రవాణా ఖర్చు అలాగే ఉంటే, ధర దగ్గర నష్టపోయేది మనమే.

ఇప్పుడు ఏం చేయాలి?

• ఊరి సరుకు పట్టిక రాయండి. జీడి మార్చి నుంచి మే వరకు, కొబ్బరి ఏడాది పొడవునా వస్తుంది. నెలవారీగా బస్తాలు, కాయల లెక్క వేయండి.

• కలిసి పంపండి. 80 కిలోల బస్తాలు 125 అయితే 10 టన్నుల లారీ నిండుతుంది. ఐదేసి బస్తాలున్న 25 మంది చాలు.

• పిక్కలను రెండు మూడు రోజులు బాగా ఎండబెట్టి నిల్వ చేయండి. అప్పుడు లారీ వచ్చేదాకా ఆగగలరు.

• తుపానును కూడా లెక్కలో పెట్టండి. 2018 అక్టోబరు 11న తిత్లీకి చెట్లు కూలి దారులు మూసుకుపోయాయి. గోదాము ఎత్తైన చోట, రెండు దారులున్న చోట కోరండి.

• ఈ పట్టికను గ్రామసభలో తీర్మానం చేయించి, రైతు సేవా కేంద్రంలోనూ మండల కార్యాలయంలోనూ ఇచ్చి రసీదు తీసుకోండి.

పోర్టు పనులు సాగుతుండగానే అనుబంధ రోడ్ల నిర్ణయాలు జరుగుతాయి. వచ్చే గ్రామసభకే పట్టిక సిద్ధం చేసుకోండి.