కాపలా సరే... కౌంటరే మారింది!

ప్రోగ్రామ్ కుప్పకూలితే ఎవరికైనా చిరాకే. లైనక్స్ కెర్నల్‌తో పాటు వచ్చే పరీక్షల్లో మాత్రం ఒకదాని తీరే వేరు. అది తన మీద తానే దాడి చేసుకుంటుంది. ప్రాసెసర్ ఆ దాడిని పట్టుకుని అడ్డుకుంటే పాస్, ఏమీ జరగనట్టు ముందుకు సాగిపోతే ఫెయిల్! దాని పేరు 'టెస్ట్ షాడో స్టాక్'. 2023లో కొత్తగా వచ్చిన ఈ పరీక్ష, ఒకే కెర్నల్ ఉన్నా కొన్ని కంప్యూటర్లలో పాసయ్యేది, కొన్నింట్లో ఫెయిలయ్యేది. తప్పు ప్రాసెసర్‌దా, కెర్నల్‌దా... లేక పరీక్షదేనా?

అది తేలాలంటే ముందు ఆ కాపలా సంగతి తెలియాలి. ప్రోగ్రామ్ ఒక పని మధ్యలో ఇంకో ఫంక్షన్‌లోకి వెళ్లేముందు, పనయ్యాక ఎక్కడికి తిరిగి రావాలో ఆ చిరునామా రాసిపెట్టుకుంటుంది. అలా రాసుకునే చోటే స్టాక్. చిక్కేమిటంటే, బయటినుంచి వచ్చిన డేటా కూడా చాలాసార్లు ఆ పక్కనే ఉంటుంది. పట్టేదానికన్నా ఎక్కువ పోస్తే పొంగి చిరునామా మీద పడుతుంది. దొంగకు కావలసిందీ అదే. తిరిగి వెళ్లాల్సిన చోటు మార్చేస్తే ప్రోగ్రామ్ వాడు చెప్పిన చోటికే వెళ్తుంది. 1988 నవంబరులో ఇంటర్నెట్‌ను అతలాకుతలం చేసిన మోరిస్ వార్మ్ వాడుకున్న దారుల్లో ఇదొకటి. 'ఫింగర్' సర్వీసులో 512 అక్షరాలు పట్టే చోటికి అంతకుమించి పంపింది. అంతే!

స్టాక్‌లోని డేటాను కోడ్‌గా నడవనివ్వకుండా ఆ తర్వాత అడ్డుకట్టలు వేశారు. దొంగలు ఊరుకుంటారా? బయటినుంచి కోడ్ తేనక్కర్లేదు, ప్రోగ్రామ్‌లో ఉన్న ముక్కలనే తిరుగు చిరునామాలతో కలిపి కుట్టుకుంటే చాలని 2007లో హొవావ్ షాకమ్ పరిశోధన పత్రం చూపించింది.

విరుగుడు మాత్రం గుడి ముందు చెప్పుల స్టాండులో ఉన్నదే. ఒక టోకెన్ మన చేతికిస్తారు. అదే నెంబరున్న రెండోది చెప్పులకు తగిలించి లోపల పెడతారు. దారిలో ఎవరైనా మన టోకెన్ మార్చేసినా లోపలిది మార్చలేరు కదా! షాడో స్టాక్ ఆ లోపలి టోకెనే. తిరుగు చిరునామా రెండో కాపీని ప్రాసెసర్ వేరేచోట దాస్తుంది. మామూలు ఆదేశాలతో అక్కడ ఏమీ రాయడం కుదరదు. ఫంక్షన్ తిరిగొచ్చేటప్పుడు రెండింటినీ పోల్చి, తేడా కనిపిస్తే అక్కడికక్కడే ఆపేస్తుంది. ఇంటెల్ దీన్ని 2016లో ప్రకటించింది. 2020లో టైగర్ లేక్ చిప్‌లతో జనం చేతికొచ్చింది. అదే ఏడాది వచ్చిన ఏఎండీ జెన్ 3లోనూ ఉంది.

చిప్‌లో ఉంటే సరిపోదు, కెర్నల్ కూడా ఒప్పుకోవాలి. అక్కడే ఆలస్యమైంది. 2023లో లైనక్స్ 6.4లో చేర్చడానికి పంపిస్తే, మెమరీ పేజీలకు సంబంధించిన మార్పులు నచ్చక లినస్ టోర్వాల్డ్స్ తీసుకోలేదు. సరిచేసి మళ్లీ పంపాక 6.6లో చోటు దొరికింది. ఆ వెర్షన్ 2023 అక్టోబరు 29న విడుదలైంది. ఈ ఆలస్యాన్ని గుర్తుపెట్టుకోండి, కథ మలుపు తిరిగేది ఇక్కడే.

పరీక్ష ఫెయిలైతే తెరమీద కనిపించేది 'షాడో స్టాక్ సృష్టించడంలో లోపం' అన్న ఒక్క ముక్క. అది చూస్తే ఎవరికైనా గుండె గుభేల్మంటుంది. మొదటి అనుమానం ప్రాసెసర్ మీదికే పోతుంది. దాన్ని తేల్చడం తేలికే. కంప్యూటర్ వివరాలుండే 'సీపీయూఇన్ఫో' ఫైల్లో 'యూజర్ ఎస్‌హెచ్‌ఎస్‌టీకే' అన్న మాట ఉందంటే చిప్‌లోనూ, కెర్నల్‌లోనూ ఆ సదుపాయం ఉన్నట్టే. ఉంది.

రెండో అనుమానం పరీక్ష రాసిన తీరు మీద. షాడో స్టాక్‌ను మధ్యలో ఆన్ చేయడం కత్తిమీద సాము. ఆన్ చేసే పనిని ఒక ఫంక్షన్‌కు అప్పగించారనుకోండి. ఆ ఫంక్షన్ తిరిగొచ్చేసరికి లోపల రెండో టోకెన్ ఉండదు, ఎందుకంటే అది బయల్దేరినప్పుడు కౌంటరే తెరవలేదు! ప్రోగ్రామ్ అక్కడే హరీమంటుంది. అందుకే రాసినవాళ్లు ఫంక్షన్ జోలికి పోకుండా అసెంబ్లీ ఆదేశాన్ని నేరుగా అక్కడే పొదిగారు. ముగించేముందు కాపలాను మళ్లీ ఆఫ్ చేస్తారు. ఇంత జాగ్రత్తపడ్డవాళ్లు ఎక్కడ జారారు?

ఒక అంకె దగ్గర. ప్రోగ్రామ్ కెర్నల్‌ను ఏ పని అడగాలన్నా నెంబరుతోనే అడగాలి, కలెక్టరాఫీసులో ఒక్కో పనికి ఒక్కో కౌంటరు ఉన్నట్టు. కొత్త షాడో స్టాక్ ఇమ్మని అడిగే కౌంటరుకు మొదట అనుకున్న నెంబరు 451. అప్పటికి 450 దాకా నిండి ఉన్నాయి. ఈలోగా ఆలస్యమైంది కదా! 6.5లో 'క్యాష్‌స్టాట్' వచ్చి 451లో కూర్చుంది. 6.6లో 'ఎఫ్‌చ్‌మోడ్‌యాట్2' 452 పట్టేసింది. షాడో స్టాక్‌కు మిగిలింది 453. కెర్నల్‌లో అంకె మార్చారు. పరీక్ష ఫైల్లో మార్చలేదు.

పరీక్షకు సొంతంగా నెంబరెందుకు అంటారా? మామూలుగా అయితే కంప్యూటర్‌లో ఉన్న హెడర్ ఫైళ్లలోంచే తీసుకోవాలి. కొత్త కెర్నల్ హెడర్లు ఇంకా వేసుకోనివాళ్ల దగ్గర ఫెయిలవుతోందని, వాళ్లకు సాయంగా ఒక కాపీ పరీక్షలోనే పెట్టారు. ఆ సాయమే కొంప ముంచింది. కొత్త హెడర్లున్నవాళ్లు 453కి వెళ్లి పని చేయించుకున్నారు. లేనివాళ్లు పాత చీటీ పట్టుకుని వేరే కౌంటరు ముందు నిలబడ్డారు. ఆ కౌంటరుకు వీళ్ల కాగితాలు అర్థంకావు, తిప్పి పంపేస్తుంది. ఒకరికి పాస్, ఇంకొకరికి ఫెయిల్ రహస్యం ఇదన్నమాట. ప్రోగ్రామ్ కెర్నల్‌ను అడిగే ప్రతి పనినీ వరసగా చూపించే 'ఎస్‌ట్రేస్' లాంటి పనిముట్టుకు ఇలాంటివి ఇట్టే దొరుకుతాయి. ఒక్క అంకె దిద్దారు, పరీక్ష దారిలో పడింది.

ఇంతోటి దానికి ఇంత రాద్ధాంతమా అనుకోవచ్చు. కానీ ఈ పరీక్షలో కొత్త షాడో స్టాక్ తెచ్చుకుని దానిమీదికి మారడం తొలి అంకాల్లోనే వస్తుంది. అక్కడ ఫెయిలైతే పరీక్ష మొత్తం ఆగిపోతుంది. చిరునామా మార్చి దాడి చేసే అసలు అంకం దాకా పోనేపోదు. అంటే ఆ కంప్యూటర్లలో కాపలాదారును పరీక్షించనే లేదు! రోజూ ఊరికే ఎర్రజెండా ఊపే పరీక్షను ఎవరు పట్టించుకుంటారు? 'నాన్నా పులి' కథలో పిల్లాడి గతే. నిజంగా కాపలా పాడైన రోజున కూడా 'ఆ... అది ఎప్పుడూ ఉండేదేలే' అని వదిలేస్తారు.

ఇప్పుడు 453 మారదు. ఒకసారి విడుదలైన నెంబరును మార్చకపోవడం కెర్నల్ వాళ్ల కట్టుబాటు. 2025 జనవరిలో విడుదలైన లైనక్స్ 6.13తో ఆర్మ్ ప్రాసెసర్లకూ ఇలాంటి కాపలా వచ్చింది. వాళ్లదీ అదే 453 కౌంటరు.