సి.ఐ.డి. మళ్ళీ వచ్చింది, చెంపదెబ్బతో సహా

సోనీ టీవీలో 1998 జనవరి నుంచి 2018 అక్టోబర్ దాకా నడిచిన హిందీ సీరియల్ సి.ఐ.డి.ని 2024 డిసెంబర్ 21న మళ్ళీ మొదలుపెట్టారు. ముఖాలు పాతవే: శివాజీ సాటమ్, ఆదిత్య శ్రీవాస్తవ, దయానంద్ శెట్టి. 2025 ఏప్రిల్‌లో ఏసీపీ ప్రద్యుమన్‌ని బాంబు పేలుడులో చంపేసి, తర్వాత బతికించి తీసుకొచ్చారు. చచ్చినవాళ్ళని లేపడం మతగ్రంథాలకే కాదు, టీవీ రేటింగులకీ చేతనవుతుంది.

దాన్ని నవ్వి వదిలెయ్యొచ్చు. నా పేచీ వేరు. మన హేతువాద మిత్రులే కొందరు ఈ సీరియల్‌ని మెచ్చుకుంటారు: బాబాలు లేరు, తాయెత్తులు లేవు, డాక్టర్ సాలుంఖే ల్యాబ్ ఉంది కదా అని. ఆ ల్యాబ్‌కీ, దొంగని పట్టడానికి అంజనం వేసేవాడి గదికీ నాకు తేడా కనిపించదు. ద్రవం పోస్తారు, రంగు మారుతుంది, పేరు బయటికొస్తుంది. నమూనా ఎవరెవరి చేతులు మారింది, పరీక్ష తప్పే అవకాశమెంత అని అడిగే నాథుడు లేడు.

అసలు ల్యాబ్ సంగతి చూడండి. నోయిడాలో 2008 మేలో జరిగిన ఆరుషి, హేమరాజ్‌ల హత్య కేసులో దిండు గలీబులు హైదరాబాద్ సీడీఎఫ్‌డీకి వెళ్ళాయి. కాంపౌండర్ గదిలో దొరికిన గలీబు మీద హేమరాజ్ డీఎన్ఏ ఉన్నట్టు రిపోర్టు వచ్చింది. 2011లో అది టైపింగ్ పొరపాటనీ, రెండు గలీబుల వివరాలు తారుమారయ్యాయనీ వివరణ వచ్చింది! డిఫెన్స్ అకౌంట్స్‌లో రెండు ఓచర్లు ఇలా తారుమారైతే ఆడిట్ వాళ్ళు ఊరుకోరు. ఇక్కడ 2013లో తల్లిదండ్రులకి యావజ్జీవం పడింది, 2017 అక్టోబర్‌లో అలహాబాద్ హైకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. సాలుంఖే రిపోర్టు తప్పని కోర్టులో తేలే ఎపిసోడ్ ఒక్కటి తీస్తే బాగుండును.

ఇక చెంపదెబ్బ. దయా కొడతాడు, నేరస్థుడు ఒప్పుకుంటాడు, కథ కంచికి. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలుని ముద్దాయి మీద రుజువుగా వాడకూడదని 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది. ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమ్ 23వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. ఠాణాల్లో ఏం జరుగుతుందో తెల్లదొరలకీ తెలుసన్నమాట.

అదే నోయిడాలో నిఠారీ పిల్లల హత్యలు 2006 డిసెంబర్‌లో బయటపడ్డాయి. సురీందర్ కోలీ ఒప్పుకోలు సుమారు 60 రోజుల పోలీసు కస్టడీ తర్వాత నమోదైంది. దాని ఆధారంగా మరణశిక్షలు పడ్డాయి. చివరి కేసులోనూ సుప్రీంకోర్టు అతన్ని 2025 నవంబర్ 11న నిర్దోషిగా వదిలేసింది. దాదాపు 19 ఏళ్ళు జైల్లో గడిచాయి. ఆ పిల్లల్ని చంపిందెవరన్న ప్రశ్న మొదట్లో ఎక్కడుందో అక్కడే ఉంది.