ఆసియాన్ మాధ్యస్థ్యము: శిఖరేశ్వరుని కొండ సాక్ష్యము

థాయిలాండు, కంబోడియా దేశముల సరిహద్దున, డాంగ్రెక్ పర్వతశ్రేణి కొనకొమ్మున, 500 మీటర్లకు పైబడిన యెత్తున, ఖ్మేరు రాజులు ప్రధానముగా 11, 12 శతాబ్దులలో కట్టించిన ప్రేహ్ విహార్ శివాలయమున్నది. అందలి దేవుడు శిఖరేశ్వరుడు; శ్రీశైలయాత్ర చేసిన తెలుగువారి కా పేరు క్రొత్తది కాదు. ఆ కొండకై రెండు రాజ్యములు ఆయుధములు పట్టినపుడు, రెంటికిని సభ్యత్వము గల ఆసియాన్ కూటమి యేమి చేయగలిగెనో, యేమి చేయజాలకపోయెనో పరిశీలించినచో, ప్రాంతీయ సంస్థల మాధ్యస్థ్యమునకు గల బలాబలములు తేటపడును.

1904 నాటి సంధి ననుసరించి సరిహద్దు జలవిభాజకరేఖ వెంట సాగవలసియుండగా, 1907లో అప్పటి కంబోడియా పాలకులైన ఫ్రెంచి వారి అధికారులు గీచిన పటము ఆలయమును కంబోడియా వైపున చూపెను. సయాము, అనగా నేటి థాయిలాండు, మారు పలుకలేదు. అంతియ కాదు, 1930లో సయాము రాజకుమారుడు దమ్రోంగ్ ఆలయదర్శనార్థము రాగా, ఫ్రెంచి రెసిడెంటు తన జెండా నెగురవేసి, అధికార వేషముతో నెదురేగి స్వాగతమిచ్చెను. రాజకుమారుడు అందుకు అభ్యంతరము చెప్పక, తిరిగి వెళ్లిన పిమ్మట ఛాయాచిత్రములను గూడ పంపెను. ఆ మర్యాదయే సాక్ష్యములలో నొకటి కాగా, 1962లో హేగులోని అంతర్జాతీయ న్యాయస్థానము 9 మంది సమ్మతితో, 3 మంది అసమ్మతితో ఆలయము కంబోడియాదని తీర్పు చెప్పెను. చుట్టునున్న నేల మాట మాత్రము తేలలేదు. 2008లో యునెస్కో ఆలయమును ప్రపంచ వారసత్వముగా గుర్తించినంతనే పాత పగ రాజుకొని, 2011 ఫిబ్రవరిలో నాలుగు దినములు ఫిరంగులు మ్రోగెను.

ఆ యేడు ఆసియాన్ అధ్యక్షస్థానమున నుండిన ఇండోనేషియా విదేశాంగమంత్రి మార్టీ నటలెగావా వెనువెంటనే రెండు రాజధానులకును వెళ్లెను; భద్రతామండలి ఇరువురి వాదములను విని, తగవును ఆసియాన్‌కే విడిచెను; ఫిబ్రవరి 22న జకార్తాలో సమావేశమైన మంత్రులు ఇండోనేషియా పరిశీలకులను సరిహద్దున నిలుపుటకు ఒప్పుకొనిరి. ఇంతవరకు అంతయు చక్కగనే యున్నది. కాని తమ భూమిగా భావించు చోట పరాయి పరిశీలకులు కాలూనుటకు థాయి సేనానులు సమ్మతింపకపోవుటచే, ఆ పరిశీలకులు రానేలేదు. ఏప్రిలులో మరల పోరు రేగగా, కంబోడియా తిరిగి హేగు తలుపే తట్టెను. ఆసియాన్ పరిశీలకులను రానిండని జూలైలో ఆ న్యాయస్థానమే చెప్పవలసివచ్చెను. ఆలయమున్న కొండకొమ్మంతయు కంబోడియాదేనని 2013లో స్పష్టపరచినదియు నా న్యాయస్థానమే.

ఆసియాన్ యత్నమును వట్టి వైఫల్యమని త్రోసివేయుట న్యాయము కాదు. ముఖము చెల్లక యుద్ధము మానలేని ప్రభుత్వములకు మానుటకొక మిష కావలెను. ఆ మిషను గౌరవప్రదముగా సమకూర్చుటలో పొరుగు రాజ్యముల కూటమికి సాటి లేదు. ద్వైపాక్షిక వివాదములను చర్చింపరాదని 1985లోనే తన శాసనపత్రమున వ్రాసికొని, 2014 ఖాట్మండు సభ తరువాత శిఖరాగ్ర సమావేశమే జరుపుకొనలేకపోయిన మన సార్కు కంటె ఇది మేలే. అయినను, వంతులవారీ అధ్యక్షపదవిపై నాధారపడిన మాధ్యస్థ్యము ఎంత నిలుకడ లేనిదో చూడుడు: 2012లో ఆ పీఠము కంబోడియాకే దక్కెను, అనగా తగవులో నొక పక్షమే రచ్చబండపై పెద్దయై కూర్చుండెను.

2025 జూలైలో అదే సరిహద్దున ఐదు దినములు పోరు సాగగా, 28వ తేదీన మలేషియా ప్రధాని అన్వర్ ఇబ్రహీం పుత్రజయలో ఇరుపక్షములను కూర్చుండబెట్టి కాల్పుల విరమణ కొప్పించెను. సుంకముల విషయమై అమెరికా అధ్యక్షుడు చేసిన బెదిరింపు తోడు కాకున్న ఆ మాట అంత త్వరగా చెల్లెడిదా యను సంశయము నాకు కలదు. డిసెంబరులో మరల తుపాకులు ప్రేలెను.

కాల్పులు ఆగిన దినముననే, ఏ సేనాని యనుమతికిని వేచియుండక పరిశీలకులు సరిహద్దు చేరు నిబంధన లేనంతకాలము, జకార్తాలోనైనను, పుత్రజయలోనైనను కుదిరిన మాట కాగితము దాటదు. సభ్యరాజ్యముల తగవులు తీర్చుటకని 1976లో బాలి ఒడంబడికయం దేర్పరచిన ఉన్నత మండలి నేటివరకు ఒక్కమారును సమావేశము కాలేదు. దీవులకై ఇండోనేషియాతోను, సింగపూరుతోను వచ్చిన తగవులను మలేషియా సైతము హేగునకే కొనిపోయెను.